సాంఘిక సేవ, అంతర్జాతీయ అధ్యయనాలు: విశ్వవిద్యాలయ కోర్సుల ఎంపిక

డిగ్రీ పూర్తిచేసిన తరువాత గాని, మదరసాలో ఆలిం, ఫాజిల్ పట్టాలు పుచ్చుకున్న తరువాత గాని, పై చదువు ఏమిటని ఆలోచించే ముస్లిం యువతీయువకుల నోట రెండు కోర్సుల పేర్లు తరచుగా వినిపిస్తుంటాయి. ఒకటి సోషల్ వర్క్. రెండవది అంతర్జాతీయ అధ్యయనాలు. మొదటి పేరులో సేవాభావం ఉంది, రెండవ పేరులో విశాల ప్రపంచం ఉంది. ఇస్లామీయ శాస్త్రాలతో పరిచయమున్న విద్యార్థికి ఈ రెండూ పరాయివిగా కనిపించవు. జకాత్, వక్ఫ్, అనాథల హక్కులను గురించి చదివినవారికి మొదటిది తమ ఇంటి విద్య అనిపిస్తుంది. అరబ్బీ భాషా, అరబ్బు దేశాల చరిత్రా తెలిసినవారికి రెండవది అలా అనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. దగ్గరగా తోచినదానిని తెలిసినదిగా భావించి, పాఠ్యప్రణాళికనైనా చూడకుండా దరఖాస్తు పెట్టేవారు కొందరు. ఎక్కడో ఒకచోట సీటు వచ్చింది కదా అని చేరిపోయేవారు మరికొందరు. కుటుంబంలో మొట్టమొదటిసారిగా పి.జి. చదువుతున్న విద్యార్థి విషయంలో రెండు సంవత్సరాల కాలం చిన్నది కాదు. అందుకు తల్లిదండ్రులు చేసే అప్పు కూడా చిన్నది కాదు. కనుక ఈ కోర్సుల లోపల ఏముందో, పట్టా చేతికి వచ్చాక అది ఏ తలుపు తెరుస్తుందో, ఏ తలుపు తెరవదో ముందుగానే తెలుసుకోవడం అవసరం.

దానం వేరు, సోషల్ వర్క్ వేరు

దివ్య ఖుర్ఆన్‌లోని తౌబా సూరా 60వ ఆయతు జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. నిరుపేదలు, అక్కరగలవారు, జకాత్ వసూలుచేసే సిబ్బంది, హృదయాలు గెలుచుకోవలసినవారు, బానిసత్వంలో చిక్కినవారు, అప్పుల పాలైనవారు, దైవమార్గంలో ఉన్నవారు, బాటసారులు అన్నవి ఆ వర్గాలు. ఈ జాబితాలో వసూలుచేసే సిబ్బందికి కూడా వాటా ఉండడం గమనించదగిన విషయం. సేవ అనేది తీరిక సమయంలో చేసే పుణ్యకార్యం మాత్రమే కాదనీ, అది జీతం పుచ్చుకొని, లెక్క చూపించి చేయవలసిన పని కూడాననీ ఇందువల్ల తెలుస్తున్నది. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా ఉన్న అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో ఒక వృత్తాంతం పేర్కొన్నారు. వీధిలో యాచిస్తున్న ఒక యూదు వృద్ధుని ఖలీఫా ఉమర్ (రజి) చూచి, అతని పరిస్థితి విచారించి, ప్రజానిధి నుండి అతనికి భత్యం ఏర్పాటుచేయించారట. ఆ పూటకు నాలుగు నాణేలు చేతిలో పెట్టి పంపడానికీ, కారణం విచారించి శాశ్వతమైన ఏర్పాటు చేయడానికీ గల తేడా ఆ వృత్తాంతంలోనే ఉంది.

ఆధునిక సోషల్ వర్క్ విద్య ఆ రెండవ పద్ధతిని శాస్త్రంగా నేర్పుతుంది. అమెరికాలోని న్యూయార్కులో 1898లో వేసవి శిక్షణ తరగతులుగా ఈ విద్య మొదలైంది. మేరీ రిచ్‌మండ్ 1917లో ప్రకటించిన సోషల్ డయాగ్నోసిస్ అనే గ్రంథం దానికి పునాది వేసింది. ఒక కుటుంబం కష్టానికి కారణాలను వైద్యుడు రోగాన్ని పరీక్షించినట్లుగా క్రమపద్ధతిలో పరిశీలించాలన్నది ఆ గ్రంథ సారాంశం. మనదేశంలో ఈ విద్యకు తొలి సంస్థ 1936లో బొంబాయిలో వెలసిన సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్. అదే 1944లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా పేరు మార్చుకొని, 1964లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందింది. దాని మొదటి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్షార్ట్ అంతకుముందు బొంబాయిలో ముస్లిములు ఎక్కువగా నివసించే నాగ్‌పాడాలో ఒక సేవాకేంద్రం నడిపినవాడు. ఈ దేశంలో సోషల్ వర్క్ విద్య వెనుక ఒక ముస్లిం పేటలో గడించిన అనుభవం ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

తేడా స్పష్టం కావడానికి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ముగ్గురు పిల్లలు గల ఒక వితంతువు మస్జిదు కమిటీ వద్దకు వచ్చిందనుకుందాం. నెలకింత బియ్యం, ఇంత నూనె ఇస్తే అది దానం. ఆమెకు వితంతు పింఛను ఎందుకు రాలేదు, భర్త మరణ ధ్రువపత్రం ఎక్కడ ఆగింది, పెద్దపిల్ల బడి మానడానికి కారణం ఫీజా, లేక ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవలసి రావడమా, అత్తవారింట ఆస్తిలో పిల్లలకు రావలసినది వచ్చిందా, ఆమె నిద్రపట్టకపోవడం దుఃఖమా, వ్యాధియా అని ఒక్కొక్కటే విచారించి, ఆమె నిర్ణయం ప్రకారమే ఆమెను దారికి చేర్చితే అది సోషల్ వర్క్. ఇందులో వ్యక్తితో చేసే పనిని కేస్‌వర్క్ అంటారు. బృందంతో చేసేది గ్రూప్‌వర్క్. పేటతో, గ్రామంతో చేసేది సమాజ సంఘటన. వీటికి సంక్షేమ పరిపాలన, పరిశోధన, సాంఘిక చర్య అనే మరో మూడు పద్ధతులు కలుస్తాయి. ఎం.ఎస్.డబ్ల్యు. పాఠ్యప్రణాళికలు ఎక్కడైనా ఈ ఆరింటి చుట్టూనే తిరుగుతాయి.

క్షేత్రకార్యమే అసలు కొలబద్ద

ఈ కోర్సును మిగతా ఎం.ఏ.ల నుండి వేరుచేసేది క్షేత్రకార్యం, అంటే ఫీల్డ్‌వర్క్. సాధారణంగా వారానికి రెండు రోజులు విద్యార్థి ఏదో ఒక సంస్థకు వెళ్లి పనిచేయాలి. అది ఆసుపత్రి కావచ్చు, బాలల గృహం కావచ్చు, మురికివాడలో పనిచేసే స్వచ్ఛంద సంస్థ కావచ్చు, కుటుంబ సలహా కేంద్రం కావచ్చు. చేసిన పనినంతా నివేదికగా వ్రాసి తీసుకురావాలి. అధ్యాపకుడు ఆ నివేదికను చదివి విద్యార్థితో విడిగా కూర్చొని చర్చించాలి. ఏడాదిలో ఒక గ్రామీణ శిబిరం ఉంటుంది. చివరలో నెల రోజులో, అంతకు ఎక్కువో ఒకే సంస్థలో పూర్తికాలం పని ఉంటుంది. ఈ ఏర్పాటు సక్రమంగా జరిగే కళాశాలలో చదివిన విద్యార్థికీ, నివేదికలు ఇంట్లో కూర్చొని అల్లే కళాశాలలో చదివిన విద్యార్థికీ పట్టా ఒకటే వస్తుంది, పని మాత్రం ఒకటిగా రాదు. కనుక చేరబోయే ముందు భవనాలు చూడడం కంటే ఆ విభాగం రెండవ సంవత్సరం విద్యార్థులను కలుసుకొని, ప్రస్తుతం ఏ సంస్థకు వెళ్తున్నారు, వారంలో ఏయే రోజులు, నివేదికను ఎవరు చదువుతారు అని మూడు ప్రశ్నలు వేయడం మేలు. సమాధానం తడబడితే అర్థం చేసుకోవచ్చు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా నడిపే ఎం.ఎస్.డబ్ల్యు.లోనూ క్షేత్రకార్యం ఉంది. ఉద్యోగం చేస్తూ చదువుకొనేవారికి అది ఉపయోగమే గాని, పక్కన నిలబడి తప్పు దిద్దే గురువు రోజూ దొరకడు.

ధార్మిక నేపథ్యం నుండి వచ్చే విద్యార్థి ముందుగా మనసులో తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. క్షేత్రకార్యంలో ఎవరితో పనిచేయాలో ఎంచుకొనే స్వేచ్ఛ ఎప్పుడూ ఉండదు. తాగుడు మాన్పించే కేంద్రానికి పంపవచ్చు. ఎయిడ్స్ సలహా కేంద్రానికి పంపవచ్చు. నేరం చేసిన బాలుర గృహానికి పంపవచ్చు. ఎదుటివాని నడవడిని గురించి తీర్పు చెప్పకుండా వినడం, అతని మతమేదైనా ఒకే విధంగా పనిచేయడం, అతని రహస్యాన్ని కాపాడడం ఈ వృత్తి ప్రాథమిక నియమాలు. ఉపదేశం చేయాలన్న ఉత్సాహం గలవారికి ఇది కష్టంగా ఉంటుంది. మరొకరి తప్పును కప్పిపుచ్చడం, వారి లోగుట్టు వెదకకపోవడం ముస్లిములకు నేర్పిన మర్యాదలే కనుక, ఆలోచించి చూస్తే ఈ నియమాలు అంత పరాయివి కావు. అయినా సిద్ధాంతంగా ఒప్పుకోవడం వేరు, సారా వాసనతో ఎదురుగా కూర్చున్న మనిషి మాటను గంటసేపు ఓపికతో వినడం వేరు. అది తనవల్ల కాదనుకొనేవారు వక్ఫ్ పరిపాలననో, సాంఘిక శాస్త్రాలలో పరిశోధననో ఎంచుకోవడంలో చిన్నతనమేమీ లేదు. 2006 నాటి సచార్ సంఘం నివేదిక దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులే 4.9 లక్షలకు పైబడి ఉన్నాయని తెలిపింది. వాటి దస్తావేజులు చదివి, ఆదాయవ్యయాలు సరిచూసి, వాకిఫ్ సంకల్పించిన ప్రయోజనానికి ఆ రాబడి చేరేటట్లు చూడగల శిక్షితులు ఎందరున్నా చాలరు.

అమ్మాయిల విషయంలో ఇంటిలో వచ్చే ప్రశ్న వేరు. చదువు సరే, ఆ పేటలలో తిరగడమెందుకని తల్లిదండ్రులు అడుగుతారు. దీనికి దాటవేసే సమాధానం ఇవ్వడం మంచిది కాదు. ఫీల్డ్‌వర్క్ లేకుండా ఈ పట్టా రాదు. అందుచేత చేరకముందే ఆ సంగతి చెప్పి ఒప్పించడమే మేలు. పర్దా పాటించే కుటుంబాల గడప దాటి లోపలికి వెళ్లి మాట్లాడగలిగేది ఒక స్త్రీయే. ముస్లిం పేటలలో గర్భిణుల ఆరోగ్యం, ఆడపిల్లల చదువు, గృహహింస వంటి విషయాలలో శిక్షణ పొందిన ముస్లిం స్త్రీ చేయగల పని మరొకరివల్ల అయ్యేది కాదు.

పట్టా పేరు, పనికివచ్చే తావు

రెండవ సంవత్సరంలో చాలా విశ్వవిద్యాలయాలు ప్రత్యేక విభాగాన్ని ఎంచుకోమంటాయి. వైద్య, మానసిక వైద్య సోషల్ వర్క్, కుటుంబ శిశు సంక్షేమం, గ్రామీణ పట్టణ సమాజాభివృద్ధి, కార్మిక సంక్షేమం వగైరాలు. ఫ్యాక్టరీల చట్టం 1948లో 500 లేక అంతకు మించి కార్మికులుండే ఫ్యాక్టరీలకు సంక్షేమాధికారిని నియమించాలని నిర్దేశించడంతో ఈ చివరి విభాగానికి ఒకప్పుడు ఎక్కువ గిరాకీ ఉండేది. తరువాతి కాలంలో పరిస్థితి మారింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద జిల్లాలలో ఏర్పడిన బాలల పరిరక్షణ విభాగాలూ, 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించవలసి రావడమూ కొత్త అవకాశాలు కల్పించాయి. ఈ ఉద్యోగాలలో పెక్కు కాంట్రాక్టు పద్ధతిలో ఉంటాయని కూడా విద్యార్థికి ముందే తెలియాలి. సేవ చేసేవానికి జీతంతో పనేమిటనే మాట వినడానికి బాగుంటుంది గాని, ఇల్లు గడవని సేవకుడు ఎక్కువకాలం సేవలో నిలవడు.

మానసిక వైద్యరంగంలోకి వెళ్లదలచినవారు ఒక చిక్కును గుర్తుంచుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవడానికి ఎం.ఎస్.డబ్ల్యు. ఒక్కటే చాలదు. ఆ పైన రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. శిక్షణ కావాలని ఆ చట్టం నిర్వచించింది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఈ శిక్షణకు పేరుపొందిన సంస్థ. ఎం.ఎస్.డబ్ల్యు.లో మానసిక వైద్య విభాగం తీసుకున్నాం కనుక ఆ హోదా వచ్చేసిందనుకోవడం పొరపాటు.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఎం.ఎస్.డబ్ల్యు. అన్నా, ఎం.ఏ. సోషల్ వర్క్ అన్నా ఒకే చదువు. కాని సోషల్ పాలసీ, డెవలప్‌మెంట్ స్టడీస్, సోషల్ సర్వీస్ అడ్మినిస్ట్రేషన్ అనేవి వేరు. అవి తక్కువ చదువులని కాదు. ఉద్యోగ ప్రకటనలో ఎం.ఎస్.డబ్ల్యు. అని స్పష్టంగా ఉన్నచోట అవి చెల్లకపోవచ్చు. ఒక సంస్థ పేరులో సోషల్ సైన్సెస్ అని ఉన్నంతమాత్రాన అక్కడి ప్రతి కోర్సూ సోషల్ వర్క్ కాదు. విదేశాలకు వెళ్లేవారికి ఈ తేడా మరింత ఖరీదైనది. ఇంగ్లండులో సోషల్ వర్కర్ అనే పేరు చట్టరీత్యా రక్షణ పొందిన హోదా. అక్కడి నియంత్రణ సంస్థ వద్ద నమోదైనవారే ఆ పేరు పెట్టుకోగలరు. ఆ నమోదుకు అర్హత నిచ్చే కోర్సులు వేరుగా ఉంటాయి. ఒక్క ఏడాదిలో ముగిసే సోషల్ పాలసీ ఎం.ఏ. కోసం లక్షలు పోసి వెళ్లి, అక్కడ సోషల్ వర్కరుగా ఉద్యోగం ఆశించేవారికి నిరాశ తప్పదు.

సియర్ నుండి అంతర్జాతీయ అధ్యయనాల వరకు

ఇక రెండవ కోర్సు. దేశాల మధ్య సంబంధాలను విశ్వవిద్యాలయ విషయంగా బోధించడానికి తొలి ఆచార్యపదవి 1919లో వేల్స్‌లోని అబరిస్త్‌విత్‌లో ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధం మిగిల్చిన విషాదమే దానికి ప్రేరణ. అయితే రాజ్యాల మధ్య నియమాలను శాస్త్రంగా చర్చించడం అంతకు ఎంతోకాలం ముందే ముస్లిం ధర్మవేత్తలు చేసిన పని. దానికి సియర్ అని పేరు. ఇమాం అబూ హనీఫా శిష్యుడూ, 805లో మరణించినవాడూ అయిన ఇమాం ముహమ్మద్ షైబానీ రచించిన సియరుల్ కబీర్ ఈ శాస్త్రంలో ప్రసిద్ధ గ్రంథం. ఒడంబడికలు, రాయబారుల రక్షణ, శత్రుదేశం నుండి వచ్చిన వ్యాపారికి ఇచ్చే అభయం, యుద్ధఖైదీల పట్ల వ్యవహారం అందులో చర్చకు వచ్చాయి. దానికి సరఖ్సీ వ్రాసిన వ్యాఖ్యానాన్ని నాలుగు సంపుటాలుగా అచ్చువేసినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే.

ఈ రెండు సంప్రదాయాలను కలిపి చదివిన పండితుడు కూడా హైదరాబాదువారే. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1908లో ఇక్కడ జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, జర్మనీలోని బాన్‌లోనూ, పారిస్‌లోనూ డాక్టరేటులు పొంది, తిరిగివచ్చి ఉస్మానియాలో అధ్యాపకత్వం వహించారు. 1948 తరువాత పారిస్‌లోనే స్థిరపడి, 2002లో మరణించారు. ఆయన ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్ అనే గ్రంథం సియర్ శాస్త్రాన్ని ఆధునిక అంతర్జాతీయ న్యాయపు పరిభాషలో వివరిస్తుంది. అరబ్బీ ఒక్కటే వచ్చినవారూ, ఇంగ్లీషు న్యాయశాస్త్రం ఒక్కటే వచ్చినవారూ వ్రాయగల పుస్తకం కాదది. మదరసా పట్టభద్రుడు అంతర్జాతీయ అధ్యయనాల వైపు చూడడంలో ఏదో వింత ఉందనుకొనేవారు హమీదుల్లా జీవితాన్ని గుర్తుచేసుకోవాలి.

మనదేశంలో ఈ కోర్సుకు ఆలవాలం ఢిల్లీ. 1955లో సప్రూ హౌస్ కేంద్రంగా ఏర్పడిన ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1970లో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమైంది. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోనూ 1950 దశకం నుండి ఈ శాఖ ఉంది. పశ్చిమాసియాను ప్రత్యేకంగా చదవగోరేవారికి నెహ్రూ విశ్వవిద్యాలయంతోపాటు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా అనువైనవి. తెలుగు విద్యార్థికి ఇంటి దగ్గర లభించేది ఎక్కువగా రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ., అందులో అంతర్జాతీయ సంబంధాలు ఒకటి రెండు పేపర్లు. అది చిన్నచూపు చూడవలసినది కాదు. ఒక విధంగా అదే క్షేమం కూడాను. జూనియర్ కళాశాలలో, డిగ్రీ కళాశాలలో అధ్యాపక పదవికి రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. అని ప్రకటన వెలువడినప్పుడు, అంతర్జాతీయ సంబంధాల ఎం.ఏ. పట్టా సమానమా కాదా అనే తగవు రావచ్చు. బోధనవృత్తి లక్ష్యమైనవారు ఆ తగవు లేకుండా ముందే చూసుకోవాలి.

ఈ కోర్సులో చేరితే విదేశాంగ శాఖలో ఉద్యోగం వస్తుందన్న నమ్మకం చాలామందికి ఉంది. అది సరి కాదు. ఇండియన్ ఫారిన్ సర్వీసుకు ఎంపిక చేసేది యు.పి.ఎస్.సి. సివిల్ సర్వీసుల పరీక్ష. దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఇంజనీర్లు, డాక్టర్లు కూడా రాయబారులయ్యారు. అరబ్బీ వంటి విదేశీభాషను ఎంపికైన తరువాత ప్రభుత్వమే నేర్పిస్తుంది. మరి ఈ కోర్సు ఎందుకంటే, పరిశోధన, పత్రికారచన, అధ్యాపకత్వం, శరణార్థులకూ వలసకార్మికులకూ తోడ్పడే సంస్థలలో పని, ఇవి దాని సహజమైన గమ్యాలు. వీటిలో దేనికైనా ఒక ప్రాంతపు భాష లోతుగా రావాలి. భాష రాని ప్రాంతీయ అధ్యయనం ఇతరులు ఇంగ్లీషులో వ్రాసినదానిని మళ్లీ ఇంగ్లీషులో వ్రాయడంతో సరిపోతుంది. ఈ విషయంలో మదరసా విద్యార్థి ముందున్నాడు. అరబ్బీ 1973 నుండి ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు అధికార భాషలలో ఒకటి. అయితే ఫిఖ్ గ్రంథాల అరబ్బీ తెలిసినంతమాత్రాన కువైట్ పత్రిక అర్థం కాదు, దుబాయి కోర్టు కాగితం అసలే అర్థం కాదు. హైదరాబాదులోని ఉస్మానియా, ఇఫ్లూ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాల అరబ్బీ శాఖలు ఆ లోటు తీర్చుకోవడానికి ఉపయోగిస్తాయి. ఇక ఇంగ్లీషు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు చదివి సారాంశం వ్రాయలేనివారు ఈ కోర్సులో మొదటి సెమిస్టరులోనే ఇబ్బంది పడతారు.

రెండు చదువులూ కలిసే చోటు

ఈ రెండు కోర్సులనూ ఒకేచోట చర్చించడానికి కారణం ఉంది. తెలుగునాట వీటిని కలిపేది గల్ఫ్ వలస. జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతాల నుండి పురుషులూ, కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనికి స్త్రీలూ దశాబ్దాలుగా అక్కడికి వెళ్తున్నారు. కఫీల్, ఆకామా, ఆజాద్ వీసా, ఖల్లివల్లి అనే మాటలు ఆ పల్లెలలో చదువురానివారికి కూడా తెలుసు. ఆ మాటల వెనుక ఉన్న చట్టం తెలిసినవారే తక్కువ.

సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు కార్మికుల ఉదంతం పత్రికలలో వచ్చినదే. ఒక నేపాలీ కాపలాదారు మరణించిన కేసులో వారు దుబాయిలో జైలు పాలై, సుమారు 18 ఏళ్లు గడిపి, 2024లో ఇల్లు చేరారు. ఆ మధ్యకాలంలో నేపాలులోని మృతుని కుటుంబాన్ని వెదకి, వారికి పరిహారం చెల్లించి, క్షమాపత్రం సంపాదించవలసి వచ్చింది. ఈ ఒక్క కేసులో ఎన్ని శాస్త్రాలు కలిశాయో చూడండి. మృతుని వారసులు క్షమించే హక్కు, దియత్ అనే పరిహారం ఫిఖ్‌కు చెందిన విషయాలు. అరెస్టయిన విదేశీయునికి తన దేశపు కాన్సులేటును సంప్రదించే హక్కు 1963 వియన్నా ఒప్పందపు 36వ అధికరణం నుండి వచ్చింది. దుబాయి, ఢిల్లీ, ఖాట్మండూల మధ్య కాగితం నడవడం అంతర్జాతీయ సంబంధాల విషయం. ఇక్కడ పల్లెలో 18 ఏళ్లపాటు భర్త లేకుండా సంసారం ఈదిన భార్య, తండ్రి ముఖం ఫోటోలో మాత్రమే చూసి పెరిగిన బిడ్డ, తిరిగి వచ్చాక ఆ ఇంట్లో కొత్తవానిలా మసలే మనిషి, ఇది సోషల్ వర్క్. ఒక్కరే ఇవన్నీ నేర్వలేరు. కాని తన శాస్త్రం ఎక్కడ ముగిసి పక్కవాని శాస్త్రం ఎక్కడ మొదలవుతుందో తెలిసినవారు ఇద్దరు ముగ్గురు కలిస్తే ఇటువంటి కేసుకు 18 ఏళ్లు పట్టనవసరం లేకపోవచ్చు.

స్త్రీల పరిస్థితి మరింత చిక్కుతో కూడినది. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి కనీస వయస్సు 30 ఏళ్లని ప్రభుత్వం నిర్ణయించింది. దానిని తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసాపై పంపుతుంటారు. అక్కడికి చేరాక ఆమె పేరు ఏ ప్రభుత్వ రిజిస్టరులోనూ ఉండదు. ఇంటిపనివారి హక్కుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. వలసకార్మికుల హక్కుల గురించి ఐక్యరాజ్యసమితి 1990లో ఒక ఒప్పందాన్ని రూపొందించింది. అది 2003లో అమలులోకి వచ్చినా గల్ఫ్ దేశాలు గాని, భారతదేశం గాని దానిని ధ్రువీకరించలేదు. ఒప్పందం ఉండడం వేరు, దానికి కట్టుబడడం వేరు అన్న పాఠం అంతర్జాతీయ అధ్యయనాల విద్యార్థి మొదటి ఏడాదిలోనే నేర్చుకుంటాడు. రాయచోటి బస్‌స్టాండులో కొడుకును సాగనంపే తల్లికి దానిని వివరించగలిగినప్పుడే ఆ పాఠం వచ్చినట్లు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారూ, బాటసారులూ ఉన్నారని పైన చెప్పుకున్నాం. వీసాకు చేసిన అప్పు తీరక, తిరుగు టికెట్టుకు సొమ్ము లేక పరదేశంలో చిక్కుకున్న కార్మికుడు ఈ రెండింటిలోనూ చేరతాడని వాదించడానికి అవకాశం ఉంది. మన జకాత్ కమిటీలు ఈ దిశగా ఆలోచించడానికి అటు ఫిఖ్, ఇటు వలస చట్టం రెండూ తెలిసినవారి సలహా కావాలి.

ప్రవేశాలు, ఖర్చులు

ఎం.ఎస్.డబ్ల్యు.లో చేరడానికి ఏ డిగ్రీ అయినా చాలు. తెలంగాణ విశ్వవిద్యాలయాలకు సి.పి.జి.ఇ.టి., ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలకు ఎ.పి. పి.జి.సెట్, కేంద్ర విశ్వవిద్యాలయాలలో ఎక్కువ వాటికి 2022 నుండి సి.యు.ఇ.టి. ప్రవేశపరీక్షలు. టాటా సంస్థ కూడా 2024లో తన సొంత పరీక్షను విడిచి సి.యు.ఇ.టి. మార్కులు తీసుకోసాగింది. హైదరాబాదులో ఉస్మానియాకు అనుబంధంగా ఉన్న రోడా మిస్త్రీ కళాశాల, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాఖ, తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఈ కోర్సుకు తెలిసిన తావులే. ఢిల్లీలో జామియా సోషల్ వర్క్ శాఖ 1967 నుండి నడుస్తున్నది. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలోని సోషల్ వర్క్ శాఖ అనుకూలం.

మదరసా పట్టాల గుర్తింపు ప్రతి విశ్వవిద్యాలయానికీ వేరు. ఒకరు గుర్తించిన మదరసాను మరొకరు గుర్తించకపోవచ్చు. గుర్తించినా అది అరబ్బీ, ఇస్లామిక్ స్టడీస్ వంటి కోర్సులకే పరిమితం కావచ్చు. కనుక ఆ ఏటి ప్రాస్పెక్టసులోని జాబితాలో తమ మదరసా పేరూ, దాని ఎదుట ఏ కోర్సుకని వ్రాసి ఉన్నదో కళ్లారా చూసుకోవాలి. అలీగఢ్ విశ్వవిద్యాలయం 2013లో మదరసా పట్టభద్రుల కోసం ప్రారంభించిన బ్రిడ్జి కోర్సు ఇంగ్లీషు, సాంఘిక శాస్త్రాలు నేర్పి వారిని డిగ్రీకి సిద్ధం చేస్తుంది. ఒక ఏడాది అదనంగా పోతుందని వెనుకాడేవారు డిగ్రీలో తప్పి పోయే ఏడాదిని కూడా లెక్క వేసుకోవాలి.

ఆర్థిక సహాయం విషయంలో పాత సమాచారంపై ఆధారపడకూడదు. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పునూ, విదేశీవిద్య రుణాలపై వడ్డీ భరించే పఢో పర్‌దేశ్ పథకాన్నీ కేంద్ర ప్రభుత్వం 2022లో నిలిపివేసింది. ఇప్పటికీ వాటి పేర్లు చెప్పి విద్యార్థులను ఆశపెట్టే సలహాదారులున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థుల విదేశీవిద్య కోసం ప్రత్యేక పథకం ప్రారంభించింది. దానికి దరఖాస్తు పెట్టేవారు తాము ఎంచుకున్న కోర్సు, దేశం ఆ ఏటి నోటిఫికేషనులో ఉన్నాయా అని చూసుకొన్న తరువాతే విశ్వవిద్యాలయానికి అడ్వాన్సు కట్టాలి. ఒకసారి కట్టిన సొమ్ము తిరిగి రాబట్టడం చాలాచోట్ల నెలల తరబడి సాగే వ్యవహారం.